మెర్సిడెస్ డి-3 (1914) విమాన ఇంజన్: 14.8 లీటర్లకు 160 హార్స్‌పవరేనా? కట్ మోడల్ కోసం సందేహాలు

క్రాంక్‌పిన్_23
అందరికీ నమస్తే. కాలేజీ ల్యాబ్ కోసం మెర్సిడెస్ డి-3 ఇంజన్‌కి 1:4 కట్ మోడల్ (లోపలి భాగాలు కనిపించేలా కోసిన నమూనా) చేస్తున్నాం. పెట్రోల్ మండించం. కింద చిన్న మోటార్ క్రాంక్‌ను తిప్పుతుంది, వాల్వులు ఆడాలి, జాకెట్లలో రంగునీళ్ళు తిరగాలి. అసలు ఇంజన్ ఒకే వరుసలో ఆరు సిలిండర్లు, బోర్ 140 మి.మీ., స్ట్రోక్ 160 మి.మీ. అంటే మాకు 35, 40 వస్తాయి.

సందేహాలు: (1) 14.8 లీటర్ల ఇంజన్ 1,400 ఆర్‌పీఎం దగ్గర 160 హార్స్‌పవర్ మాత్రమే ఇవ్వడం ఏంటి? మా సార్ వైవాలో ఇదే అడుగుతారు. (2) బ్లాక్ పోత పోయకుండా సిలిండర్లు విడివిడిగా ఎందుకు చేశారు? (3) నీళ్ళ దారి ఎలా? (4) ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరుస), క్రాంక్ కోణాలు కావాలి.

లేత్_మాస్టారు
మొదటిదానికి జవాబు ఇంజన్‌లో వెతక్కు తమ్ముడూ, ప్రొపెల్లర్‌లో వెతుకు. డి-3కి గేర్‌బాక్స్ లేదు. ప్రొపెల్లర్ హబ్ నేరుగా క్రాంక్‌షాఫ్ట్ ముక్కు మీద కూర్చుంటుంది. 2.8 మీటర్ల ప్రొపెల్లర్ అనుకుని లెక్కెయ్యి. 1,400 దగ్గర రెక్క కొస వేగం π × 2.8 × 23.3, అంటే సెకనుకు 205 మీటర్లు. అదే 2,800 తిప్పితే 410. నేల మీద ధ్వని వేగమే 340. కొస ఆ గీత దాటితే ప్రొపెల్లర్ గాలిని తోయడం మానేసి రొదే పెడుతుంది, సామర్థ్యం పడిపోతుంది.

కాబట్టి వేగం 1,400–1,450 దగ్గరే ఆగాలి. ఆ వేగంలో పవర్ కావాలంటే టార్క్ కావాలి, టార్క్ కావాలంటే లీటర్లు కావాలి. 160 హార్స్‌పవర్‌ని 1,400కి లెక్కిస్తే సుమారు 800 న్యూటన్-మీటర్లు.

బీఎంఈపీ_రావు
మాస్టారి లెక్కకు ఇంకో రెండు అంకెలు. సగటు పిస్టన్ వేగం: 2 × 0.16 × 1400 ÷ 60 = సెకనుకు 7.5 మీటర్లు. సగటు ప్రభావ పీడనం (బీఎంఈపీ), అంటే పవర్ స్ట్రోక్‌లో పిస్టన్‌ను సగటున నెట్టే ఒత్తిడి, సుమారు 6.8 బార్. 4.5:1 కంప్రెషన్ మీద, అప్పటి పెట్రోల్ మీద 6.8 రావడం తక్కువేం కాదు. "లీటర్‌కు 11 హార్స్‌పవర్" అని వెక్కిరించేవాళ్ళకు ఈ అంకె చూపించండి. సిలిండర్ నిండుతోంది, మంట సరిగ్గా మండుతోంది. తక్కువున్నది తిరుగుడు ఒక్కటే, అదీ కావాలని ఉంచిందే.

గేర్ పెట్టి చూశారు కూడా. ఇదే బోర్, స్ట్రోక్‌తో ఎనిమిది సిలిండర్ల డి-4 చేసి ప్రొపెల్లర్‌కు తగ్గింపు గేర్ పెట్టారు. పవర్ 220 దాకా వచ్చింది కానీ పొడుగాటి క్రాంక్‌షాఫ్ట్ మెలితిరిగే కంపనానికి విరగడం మొదలైంది. వరుస ఆరు సిలిండర్లలో పిస్టన్ల ఆటతో పుట్టే కుదుపులు (ప్రాథమిక, ద్వితీయ బలాలు) రెండూ ఒకదానికొకటి రద్దయిపోతాయి. సమస్యల్లా మెలి కంపనమే, అది పొడుగుతో పెరుగుతుంది. ఆ తర్వాత డైమ్లర్ వాళ్ళు (మెర్సిడెస్ ఇంజన్లు చేసే కంపెనీ) మళ్ళీ ఆరుకే వచ్చి, బోర్ 160, స్ట్రోక్ 180కి పెంచి 260 హార్స్‌పవర్ డి-4ఏ చేశారు.

క్రాంక్‌పిన్_23
ఇది బాగుంది, వైవాకి సరిపోతుంది. రెండోది?

జాకెట్_జగ్గయ్య
విడి సిలిండర్లకు అసలు కారణం బరువు. ఆ రోజుల్లో నీళ్ళ గదులతో సహా ఆరు సిలిండర్ల బ్లాక్ పోత ఇనుముతో పోస్తే గోడలు మందంగా వచ్చేవి, బరువు మోయలేం. అల్యూమినియంతో పోస్తే పోతలో సన్న రంధ్రాలు పడి నీళ్ళు చెమర్చేవి. తర్వాత బ్రిటన్‌లో సిడ్లీ ప్యూమా ఇంజన్‌కు పట్టిన గతి ఇదే, అల్యూమినియం బ్లాకులు పెద్ద ఎత్తున పారేయాల్సి వచ్చింది.

డైమ్లర్ పద్ధతి వేరు. ఒక్కో సిలిండర్ స్టీల్‌ది. బ్యారెల్‌ను తలలోకి మరతో బిగించి వెల్డ్ చేస్తారు. దాని చుట్టూ పల్చటి స్టీల్ రేకు తొడిగి అంచులన్నీ గ్యాస్ వెల్డింగ్. ఆ సందులో నీళ్ళు. తల, బ్యారెల్ ఒకటే కాబట్టి హెడ్ గ్యాస్‌కెట్ ఉండదు, ఊడిపోయే బాధా లేదు. ఒక సిలిండర్ పాడైతే అడుగు ఫ్లాంజ్ నట్లు విప్పి ఆ ఒక్కటే మార్చొచ్చు.

నష్టాలూ ఉన్నాయి. వాల్వ్ సీటు తలలోనే ఉంది కనుక వాల్వ్ రుద్దాలంటే సిలిండర్ మొత్తం పైకి లాగాలి. బ్యారెల్ వేడెక్కి సాగుతుంది, జాకెట్ రేకు నీళ్ళ వేడి దగ్గరే ఉంటుంది. ఇద్దరి సాగుడు ఒకటి కాదు కాబట్టి వెల్డ్ అంచుల్లో పగుళ్ళు వస్తాయి. లోపల తుప్పు సంగతి సరేసరి. గట్టినీళ్ళు పోస్తే తల దగ్గర సున్నం పేరుకుని అక్కడే ముందు వేడి పట్టేస్తుంది.

రైట్_సైకిల్_షాప్
ఒక మాట. నీళ్ళతో చల్లబడే వరుస ఇంజన్ అంటే 1903 రైట్ సోదరుల ఇంజన్‌తో మొదలెట్టాలి కదా. నాలుగు సిలిండర్లు పడుకోబెట్టి, బోర్ 4 అంగుళాలు, స్ట్రోక్ 4 అంగుళాలు, అల్యూమినియం క్రాంక్‌కేసు. చార్లీ టేలర్ ఆరు వారాల్లో చేశాడు. డి-3 అందులోంచి పెరిగిందే.

బీఎంఈపీ_రావు
రైట్ ఇంజన్ ముందు వచ్చిందన్నది నిజం, "అందులోంచి పెరిగింది" ఒప్పుకోను. డి-3 తాత డైమ్లర్ కార్ల ఇంజన్, ఆస్ట్రో-డైమ్లర్‌లో ఫెర్డినాండ్ పోర్షే చేసిన ఆరు సిలిండర్లది పెదనాన్న వరస. కానీ పోలికకు రైట్ ఇంజన్ మంచిదే. చేయకూడనివన్నీ అక్కడ కనిపిస్తాయి.

అందులో నీళ్ళ పంపు లేదు. విమానం నిలువు కడ్డీకి కట్టిన చదును గొట్టాల రేడియేటర్, వేడి నీళ్ళు పైకి లేచి చల్లనివి కిందికి దిగే సహజ ప్రవాహం. సిలిండర్ చుట్టూ నీళ్ళున్నాయి, వాల్వ్ గదుల చుట్టూ లేవు. కార్బురేటర్ లేదు, పెట్రోల్ వేడి లోహం మీద కారి ఆవిరయ్యేది. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో 1,200 ఆర్‌పీఎం, దాదాపు 16 హార్స్‌పవర్. నిమిషం తిరిగేసరికి లోపలికొచ్చే గాలి వేడెక్కి పల్చబడి 12కి దిగిపోయేది. ఎగరడానికి ఆ 12 చాలు, వాళ్ళు మొదట అనుకున్నది 8 మాత్రమే. కానీ గంటల తరబడి తిరగాల్సిన ఇంజన్‌కు అది పనికిరాదు. డి-3లో తల చుట్టూ కూడా నీళ్ళే, పంపుతో నెట్టి మరీ.

రైట్_సైకిల్_షాప్
వాల్వ్ గదుల సంగతి ఒప్పుకున్నా. ఇంకోటి చెప్పాలంటే రైట్ ఇంజన్‌లో ఇన్‌టేక్ వాల్వుకి క్యామే లేదు, పిస్టన్ లాగే పీల్పుకి అదే తెరుచుకునేది. థ్రాటిల్ కూడా లేదు. స్పార్క్ టైమింగ్ జరపడమే అదుపు.

జాకెట్_జగ్గయ్య
మూడో ప్రశ్న, నీళ్ళ దారి. వెనక అడుగున సెంట్రిఫ్యూగల్ పంపు. అది చల్లటి నీళ్ళను జాకెట్ల కిందికి పంపుతుంది. ఒక జాకెట్ నుంచి పక్కదానికి పొట్టి కలుపు గొట్టాలు. ఆరు చెంబులు పక్కపక్కన పెట్టి మధ్యలో గొట్టాలు కలిపినట్టు. వేడి నీళ్ళు పైనుంచి రేడియేటర్‌కు, అక్కడి నుంచి మళ్ళీ పంపుకు. కార్బురేటర్ ఒంటికి కూడా వేడి నీళ్ళ జాకెట్ ఉంది, లేకపోతే పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు వేడి లాగేసి థ్రాటిల్ దగ్గర మంచు కడుతుంది.

పంపు షాఫ్ట్ దగ్గర కారుడు ఈ ఇంజన్ల పాత జబ్బు. అప్పట్లో ఇప్పటి సీలులు లేవు, షాఫ్ట్ చుట్టూ ఉండే గ్లాండ్ గదిలో గ్రీజు కుక్కడమే. అందుకే మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఇంజన్‌తో ఎగిరిన జర్మన్ విమానాలు ఆల్బట్రాస్, ఫోకర్ కాక్‌పిట్‌లలో పంపుకు గ్రీజు నెట్టే చిన్న చక్రం ఉంటుంది. పైలట్ ఎగురుతూనే అప్పుడప్పుడు తిప్పాలి. మోడల్‌లో ఇది పెడితే చూసినవాడెవడైనా అడుగుతాడు.

ఎంత నీరు తిరగాలి? నీళ్ళలోకి పోయే వేడి 70 కిలోవాట్లు అనుకో, రేడియేటర్‌లో 10 డిగ్రీలు దించాలంటే సెకనుకు 1.7 లీటర్లు, నిమిషానికి 100. మీకు అంత అక్కర్లేదు. స్టాండులో 12 వోల్టుల చిన్న పంపు దాచండి, నిమిషానికి లీటర్ చాలు. ఎక్కువైతే బుడగలు కనబడవు, రంగు కదులుతున్నట్టే తెలీదు.

ఎత్తు_మీటర్
రేడియేటర్ గురించి ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. ఆల్బట్రాస్ డి.3 విమానంలో (ఇది విమానం పేరు, ఇంజన్ డి-3 వేరు) రేడియేటర్ మొదట పై రెక్క మధ్యలో, సరిగ్గా పైలట్‌కు ఎదురుగా పైన ఉండేది. గుండు తగిలి పగిలితే మరుగుతున్న నీళ్ళు మొహం మీదికి. అందుకని తర్వాతి విమానాల్లో దాన్ని కుడివైపుకి జరిపారు. పాలస్తీనా పంపినవాటికి రెక్కకు ఒకటి చొప్పున రెండు రేడియేటర్లు పెట్టారు.

ఎందుకో మనకు చెప్పక్కర్లేదు. రేడియేటర్ పారేసే వేడి నీటికీ గాలికీ మధ్య తేడాను బట్టి ఉంటుంది. నీరు 75 డిగ్రీలు, గాలి 15 అయితే తేడా 60. గాలి 45 అయితే తేడా 30, అంటే అదే రేడియేటర్ సగానికి సగం పనే చేస్తుంది.

పైకి వెళ్తే కథ తిరగబడుతుంది. వ్యవస్థ బయటి గాలికి తెరిచి ఉంటుంది కాబట్టి 5,000 మీటర్ల దగ్గర నీరు దాదాపు 83 డిగ్రీలకే మరుగుతుంది. ఇంకోవైపు బయట గడ్డకట్టే చలి, దిగేటప్పుడు థ్రాటిల్ మూసి జారితే ఇంజన్ అతిగా చల్లబడి మళ్ళీ పుంజుకోదు. అందుకే రేడియేటర్‌కు మూతలు, వాటిని కాక్‌పిట్ నుంచి జరిపే లివర్.

స్కేల్_మోడల్_సుబ్బు
రంగుల సంగతి ఒక్క లైను: ఇన్‌టేక్ గొట్టాలకు నూలుతాడు చుట్టిన ఆకృతి వదిలేయకండి, ఎక్కువ మోడల్స్‌లో అదే లోపం. కార్బురేటర్ ఎడమ, ఎగ్జాస్ట్ కుడి.

క్రాంక్‌పిన్_23
థాంక్స్ అన్నా. నాలుగో ప్రశ్న మిగిలింది.

మాగ్నెటో_మూర్తి
ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. క్రాంక్ మీద జతలు: 1, 6 సున్నా దగ్గర, 2, 5 నూట ఇరవై దగ్గర, 3, 4 రెండొందల నలభై దగ్గర. ప్రతి 120 డిగ్రీలకు ఒక పేలుడు. క్యామ్‌షాఫ్ట్ సగం వేగం కాబట్టి అక్కడ వరుస లోబుల మధ్య 60 డిగ్రీలు.

ఈ వరుసలో అందం ఎక్కడుందో చూడండి. కార్బురేటర్‌కు రెండు గొంతులు, ఒకటి ముందు మూడు సిలిండర్లకు, ఇంకోటి వెనక మూడింటికి. 1 ముందు, 5 వెనక, 3 ముందు, 6 వెనక, 2 ముందు, 4 వెనక. ఒక్కో గొంతు ప్రతి 240 డిగ్రీలకు ఒక్కసారి పీలుస్తుంది. ఒక సిలిండర్ పీలుస్తుంటే పక్కది దాని నోటి దగ్గరది లాక్కోదు. ముందు వెనకలు ఇలా మారని వరుస పెడితే ఒక గొంతు మీద రెండు పీల్పులు వరసగా పడి మిశ్రమం సమంగా పంచబడదు.

సిలిండర్‌కు రెండు ప్లగ్గులు, ఇంజన్‌కు రెండు బాష్ జెడ్‌హెచ్6 మాగ్నెటోలు (తిరుగుతూ స్పార్క్‌కు కరెంటు పుట్టించే యంత్రాలు). మాగ్నెటో ఒక చుట్టుకు రెండు స్పార్కులు ఇస్తుంది, ఇంజన్‌కు చుట్టుకు మూడు కావాలి. కాబట్టి క్రాంక్ కంటే ఒకటిన్నర రెట్లు, 1,400కి 2,100. మోడల్‌లో ఇది తప్పు పెట్టినవాళ్ళే ఎక్కువ.

కొత్త_విద్యార్థి_హైద్
చేత్తో ప్రొపెల్లర్ తిప్పితే 14 లీటర్ల ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుంది సార్? ఒక్కో సిలిండర్ దాదాపు రెండున్నర లీటర్లు కదా.

మాగ్నెటో_మూర్తి
మంచి ప్రశ్న. రెండు అడ్డంకులు. కంప్రెషన్‌కు ఎదురు తిప్పలేం. తిప్పినా ఆ నెమ్మదికి మాగ్నెటో స్పార్క్ ఇవ్వదు. రెండింటికీ మందు పెట్టారు.

క్యామ్‌షాఫ్ట్‌ను కొద్దిగా పొడవునా జరిపే లివర్ ఉంది. జరిపితే కంప్రెషన్ స్ట్రోక్‌లోనూ వాల్వు కాస్త తెరుచుకుని సగం ఒత్తిడి బయటికి పోతుంది. ఇగ్నిషన్ ఆపి ఉంచి, సిలిండర్ల మీదున్న చిన్న కప్పుల్లో కాస్త పెట్రోల్ పోసి, మెకానిక్ ప్రొపెల్లర్‌ను కొన్ని చుట్లు తిప్పి మిశ్రమం లాగిస్తాడు. తర్వాత లివర్ వెనక్కి, ఒక సిలిండర్ కంప్రెషన్ దాటి పవర్ స్ట్రోక్ మొదట్లో నిలిచేలా ప్రొపెల్లర్ ఆపి, మెకానిక్ పక్కకు తప్పుకుంటాడు. అప్పుడు పైలట్ టైమింగ్ వెనక్కి పెట్టి, కాక్‌పిట్‌లో చేతి పిడితో తిరిగే స్టార్టింగ్ మాగ్నెటోను గబగబా తిప్పుతాడు. అది ధారగా స్పార్కులు పంపుతుంది, కాచుకున్న సిలిండర్ అంటుకుని ఇంజన్‌ను తోస్తుంది. పట్టుకున్నాక టైమింగ్ ముందుకు. నీళ్ళు వెచ్చబడేదాకా తక్కువ వేగంలోనే ఉంచాలి. చలి నూనె బేరింగులకు సరిగ్గా అందదు. గట్టి చలిలో రాత్రి నీళ్ళు వదిలేసి పొద్దున వేడి నీళ్ళు పోసేవాళ్ళు.

ఎత్తు_మీటర్
వేగం 1,400 దగ్గర ఆగిపోయింది కదా, మరి పవర్ ఎలా పెంచారంటే కంప్రెషన్‌తో. మొదట 4.5:1, డి-3ఏలో 4.64 చేసి 170 హార్స్‌పవర్, ఇంకా పెంచిన డి-3ఏయూలో 180. 5,000 మీటర్ల దగ్గర గాలి సాంద్రత నేల మీదున్నదాంట్లో 60 శాతమే. 160 ఇంజన్ అక్కడ 90 దాటదు.

కంప్రెషన్ పెంచే ఈ దారిని చివరిదాకా తీసుకెళ్ళింది ఇంజనీర్ మాక్స్ ఫ్రిట్జ్. డైమ్లర్ వదిలి 1917లో రాప్ కంపెనీకి వచ్చాడు, అదే సంవత్సరం అది బీఎండబ్ల్యూ అయింది. అక్కడ చేసిన 3ఏ కూడా వరస ఆరు, నీళ్ళదే. బోర్ 150, స్ట్రోక్ 180, 19.1 లీటర్లు, అల్యూమినియం పిస్టన్లు, కంప్రెషన్ 6.4. అప్పటి పెట్రోల్‌కు నేల మీద ఆ కంప్రెషన్‌తో పూర్తి థ్రాటిల్ ఇస్తే డిటొనేషన్ (మిశ్రమం అదుపు తప్పి ఒక్కసారిగా పేలడం), పిస్టన్లు పగులుతాయి. అందుకని కార్బురేటర్‌కు ఇంకో "ఎత్తు థ్రాటిల్". అది సుమారు 2,000 మీటర్లు దాటాకే తెరవాలి. కింద ఇంజన్ గొంతు నొక్కి పెట్టి, పైకెళ్ళాక వదలడం. టర్బో, సూపర్‌చార్జర్ ఏమీ లేకుండానే. ఫోకర్ డి.7లో మెర్సిడెస్ ఉన్నదీ బీఎండబ్ల్యూ ఉన్నదీ పైకెక్కడంలో పక్కపక్కన నిలవవు.

బీఎంఈపీ_రావు
ఫోకర్ డి.7 పేరొచ్చింది కాబట్టి: 1918 వేసవిలో ఇంజన్ వేడికి పెట్టెల్లోని ఫాస్ఫరస్ తూటాలు వాటంతటవే అంటుకున్నాయి. తర్వాత బానెట్ రేకులకు అదనపు గాలి సందులు కోశారు. నీళ్ళతో చల్లబడేది సిలిండర్ మాత్రమే. ఎగ్జాస్ట్ గొట్టం, క్రాంక్‌కేసు వేడి బానెట్ కిందే తిరుగుతాయి.

లేత్_మాస్టారు
ఇక పని మాట్లాడుకుందాం. 1:4లో సిలిండర్ చేసే వరుస చెప్తా, వరుస మారిస్తే పాడవుతుంది.

మైల్డ్ స్టీల్ గొట్టం తీసుకుని బోర్‌ను 34.7 దాకానే తియ్యండి, 35 చెయ్యొద్దు. తల విడిగా తిప్పి, వాల్వ్ గైడు రంధ్రాలు చిన్నగా వేసి ఉంచండి. జాకెట్‌కు 0.5 మి.మీ. రేకు చుట్టి అంచులు కలిపేచోట 0.05 నుంచి 0.1 మి.మీ. సందు ఉండేలా చూడండి. వెండి టంకం ఆ సందులోకి తనే పాకుతుంది. ఎక్కువ సందుంటే నింపదు, బిగుతుగా ఉంటే లోపలికి పోదు. ఫ్లక్స్ రెండువైపులా పూసి, మందపాటి తలను ముందు వేడి చేయండి. రేకు మీద మంట పెట్టారంటే అది ఎర్రబడి వంకరపోతుంది, తల ఇంకా చల్లగానే ఉంటుంది. కాడ్మియం లేని టంకం అడిగి కొనండి, కాడ్మియం పొగ ఊపిరితిత్తులకు విషం. ఆరాక గోరువెచ్చని సిట్రిక్ యాసిడ్ నీళ్ళలో నానబెడితే ఫ్లక్స్ గాజు ఊడిపోతుంది.

ఆ తర్వాతే బోర్ 35కి తెచ్చి హోన్ చేయాలి. టంకం వేడికి గొట్టం గుడ్డు ఆకారానికి పోతుంది, ముందే ఫినిష్ చేస్తే పిస్టన్ పట్టేస్తుంది. గైడు రంధ్రాలకు రీమర్ కూడా అప్పుడే. చివర్లో అన్ని రంధ్రాలు మూసి, జాకెట్‌లో సైకిల్ పంపుతో అర బార్ గాలి పెట్టి బకెట్ నీళ్ళలో ముంచండి. బుడగ వచ్చినచోట గీత పెట్టి మళ్ళీ టంకం.

కట్ చేయాల్సిన సిలిండర్ ఒక్కటి చాలు, నాలుగోది. జాకెట్ కోసేశాక దాంట్లో నీళ్ళు నిలవవు. కలుపు గొట్టాన్ని మూడు నుంచి ఐదుకు వెనక నుంచి మళ్ళించండి.

క్రాంక్‌పిన్_23
నాలుగోదాన్ని కోస్తే నీళ్ళ దారి తెగుతుందని మేం ఆలోచించనే లేదు! క్రాంక్‌షాఫ్ట్ ఒకే ముక్కగా మిల్ చేయాలా, అతికించొచ్చా?

లేత్_మాస్టారు
మోటార్ తిప్పేదే కదా, అతికించండి. పిన్ను 0.02 మి.మీ. బిగుతుతో ప్రెస్ చేసి, అడ్డంగా 2 మి.మీ. పిన్ను దింపండి. మెయిన్ జర్నల్ పొడుగు కడ్డీ ముందు అన్నిట్లోంచి దూర్చి, వెబ్బులు బిగించాక, మధ్య ముక్కలు కోసేయాలి. ముందే కోసి ఒక్కోటి అతికిస్తే ఏడు మెయిన్ బేరింగులు ఒక గీతలో రావు.

క్యామ్‌కు వెనక నిలువు షాఫ్ట్. కింద 1:1 బెవెల్ జత, పైన 16:32 జత, మాడ్యూల్ (పళ్ళ సైజు) 0.6 అయితే పెద్ద గేరు 20 మి.మీ. దాటదు, క్యామ్ పెట్టెలో పడుతుంది.

ఎత్తు_మీటర్
కొలతలకు అసలైనది చూడాలంటే బయట ఉండే మనవాళ్ళు ఫోటోలు పంపొచ్చు. వాషింగ్టన్ స్మిత్‌సోనియన్‌లో ఆల్బట్రాస్ డి.5ఏ ఉంది, కాన్‌బెర్రా యుద్ధ స్మారకం సేకరణలో ఇంకో డి.5ఏ, ఒక ఫాల్జ్ డి.12 ఉన్నాయి. ఆల్బట్రాస్‌లో సిలిండర్ తలలు బానెట్ పైకి తేలి కనిపిస్తాయి, రాకర్లు బయటికే ఉంటాయి కాబట్టి వాటి కోణం ఫోటోలోంచే తీయొచ్చు. పక్క నుంచి కాదు, సరిగ్గా ముందు నుంచి, జూమ్ చేసి దూరం నుంచి తీసిన ఫోటో అడగండి. దగ్గర నుంచి తీస్తే కోణం వంకరగా వస్తుంది.

క్రాంక్‌పిన్_23
అడుగుతాం. క్రాంక్‌కేసు 3డీ ప్రింట్ పీఎల్ఏతో చేద్దామనుకుంటున్నాం, పర్వాలేదా?

జాకెట్_జగ్గయ్య
వద్దు, పీఈటీజీ వాడండి. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఎండలో కారులో పెట్టి తీసుకెళ్తే మెయిన్ బేరింగ్ గీత పోతుంది. ఏ ప్లాస్టిక్ అయినా బేరింగ్ చోట్ల ఇత్తడి బుష్‌లు దింపండి. రెండు సగాలు క్రాంక్ గీత దగ్గరే విడిపోవాలి, అసలు దానిలోనూ అంతే. జాకెట్లలో ఉత్త రంగునీళ్ళు పోయకండి, వారంలో తుప్పు నీళ్ళవుతాయి. కారుకు పోసే రెడీ కూలెంట్ ఆకుపచ్చది పోస్తే రంగూ వస్తుంది, తుప్పూ పట్టదు.